కుర్చీ ఇచ్చిండ్రు, క్లాసు తీసుకున్నరు

"పెద్దమ్మా, ఫోన్ల రికార్డింగ్ పెట్టిన. ఇగ చెప్పు. నిన్ను వైస్ ప్రిన్సిపాల్ చేసిన ముచ్చట మొత్తం చెప్పాలె. సోమవారం సంది నేను గూడ గదే పని చేసేది."

షురూ అయ్యిందా? ఏది, గా ఎర్ర చుక్కనా? ఆఁ, కనవడుతున్నది. మరి దగ్గుతె గూడ అండ్ల ఎక్కుతదా? ఎక్కనీ తియ్యి, దగ్గు నాదే కదా.

జ్యోతీ, నువ్వు అడుగుతున్నవ్ గాని బిడ్డ, అండ్ల గొప్ప ముచ్చటేం లేదు. నవ్వుకునేటందుకైతె మస్తున్నది. నన్ను ఎందుకు చేసిండ్రనుకున్నవ్ వైస్ ప్రిన్సిపాల్? సుగుణ టీచర్ లెక్కలు బాగ చెప్తదనా? తెలివికలదనా? నేను గూడ గట్లనే అనుకున్న. శాన దినాలు అనుకున్న.

అప్పుడు ఎట్లుండె అంటె, హైటెక్ సిటీ లేచింది కదా, ఇగ ఎక్కడ చూసినా కంప్యూటర్ గాలే. నేను చేవెళ్ల సంది మొయినాబాద్‌కు బస్సుల పోతుంటి. కిటికీ కాడ కూసుంటె నిన్న జొన్న చేను ఉన్న కాడ ఇయ్యాల గోడ. ఫార్మ్ హౌస్ గోడనో, ఇంజనీరింగ్ కాలేజీ గోడనో, ఏదో ఒకటి. మీ పెద్దనాయిన గా రూట్లనే కండక్టర్. "దిగుండ్రి, జొన్న చేను స్టాపు" అని అలవాటుగ అంటుండె, దిగినోళ్లేమో చేను ఏదని దిక్కులు చూస్తుండిరి. నిజం, నవ్వకు.

మా బడి మొయినాబాద్‌ల రోడ్డు పక్కనే. ఇంగ్లీష్ మీడియం, పదో తరగతి దాక. నేను లెక్కల టీచర్ను. పదో తరగతి నాదే, ఎవ్వరు ముట్టేది లేదు. బడి పెట్టినాయనను కరస్పాండెంట్ సార్ అంటుంటిమి. మంచోడే. కోపమొస్తె మాత్రం చెవులు ఎర్రగైతుండె. చెవులు చూసి మేము మాట్లాడుతుంటిమి.

ఇగ టీచర్లు నిలుస్తలేకుండె బిడ్డ. సైన్స్ సార్ సాయంత్రాలు అమీర్‌పేటల కంప్యూటర్ కోర్సుకు పోతుండె. ఎండాకాలం సెలవులకు పోయినోడు మల్ల రాలే, బెంగళూరుల తేలిండన్నరు. సోషల్ చెప్పే పిల్ల కాల్ సెంటర్‌ల చేరింది. అమెరికావోళ్లతోని ఫోన్ల మాట్లాడుతదట! మా బడిల ఉన్నన్ని దినాలు ఎనిమిదో తరగతి పిల్లల ముందల నోరు లేవకపోతుండె దానికి. ఆఖరికి వైస్ ప్రిన్సిపాల్ సార్ గూడ, నడి వయసాయన, నెత్తి సగం నెరిసింది, ఆయన గూడ ఏదో కోర్సు నేర్చుకొని పోయిండు.

నేనేం నేర్చుకోలే. ఎందుకంటె... ఇది గూడ రికార్డైతదా? సరె. బడికి కొత్తగ ఒక కంప్యూటర్ వచ్చింది. దానికి ముసుగేసి, చెప్పులు ఇడిసి లోపటికి పోవాలె, గుడి తీరు, మన చర్చిల గూడ గంత భయం లేకుండె. నన్ను కూసోవెట్టి, మౌస్ పట్టుకొని పైకి జరుపు టీచర్ అన్నడు నేర్పే పిలగాడు. నేను దాన్ని బల్ల మీది కెల్లి లేపి గాలిల పట్టుకున్న, ఇంకెంత పైకి పోవాలె బాబూ అని అడిగిన. గంతే. గా దినం సంది మల్ల గా రూము దిక్కు పోలే.

గట్ల ఉండంగ ఒకనాడు కరస్పాండెంట్ సార్ పిలిచిండు. "సుగుణ టీచర్, అందరు పోతున్నరు. మీరొక్కరే ఎటు పోరు. మీరే వైస్ ప్రిన్సిపాల్" అన్నడు. నాకు కండ్లల్ల నీళ్లు. ఇంత నమ్మకమా నా మీద అని. ఇంటికొచ్చి మీ పెద్దనాయినకు చెప్పిన. ఆయన అంగీ ఇడుసుకుంటనే అన్నడు, "అంటె నిన్ను ఇంకెవ్వలు తీసుకోరని చెప్పిండన్నట్టు" అని. గా దినం ఆయనకు చారు పొయ్యలే, ఉత్త పచ్చడేసి పెట్టిన. కాని ఆయన అన్నదే నిజమని తర్వాత తెలిసింది. చారు పోసి ఉంటె బాగుండు.

ఇగ నా వేషం చెప్త. కాటన్ చీరలు కొని గంజి పెట్టి పెట్టి, కూసుంటె ఫర్‌ఫర్ అని చప్పుడొచ్చేటట్టు చేసిన. అద్దం ముందల నిలవడి ఇంగ్లీష్ ప్రాక్టీస్ చేసిన. వై ఆర్ యూ లేట్, వై ఆర్ యూ లేట్ అని. మొదటి దినమే నేను లేటుగ పోయిన, బస్సు దొరకలే. నాకిచ్చిన రూము అంతకుముందు ఆటసామాన్లు పెట్టే రూము. బాల్స్ తీసిండ్రు గాని బ్యాండు డ్రమ్ములకు జాగ లేక గోడకే పెట్టిండ్రు. తిరిగే కుర్చీ ఇచ్చిండ్రు. నేను జర దర్జాగ ఎనుకకు ఒరిగిన. కుర్చీ జారింది, పోయి డ్రమ్ముకు తాకింది. ధన్ అని మోగింది! మూడో తరగతి టీచర్ డ్రిల్లు అనుకొని పిల్లలను లైన్ల నిలవెట్టింది. ప్రిన్సిపాల్ మేడం, పెద్దామె, శాన సాధువు, మెల్లగ వచ్చి, "సుగుణా, ఇయ్యాల డ్రిల్లు లేదు కదమ్మా" అన్నది.

పని ఏందంటవా? పొద్దుగాల వచ్చుడుతోనే ఎవలు రాలేదో చూసుడు, వాళ్ల క్లాసులకు వేరేటోళ్లను పంపుడు. ఇగ నేను కాయితం ముక్క పట్టుకొని వరండల నడుస్తున్ననంటె టీచర్లు మాయమైతుండిరి. ఒకామె బీరువా తలుపు తెరిచి దాని ఎనుక నిలవడ్డది. కాళ్లు కనవడుతున్నయ్. "మేడం, మీ కాళ్లకు ఏడో తరగతి పడ్డది" అన్న.

నవ్వుతున్నవ్ గాని, జర బాధ గూడ ఉన్నది అండ్ల. రెహానా టీచర్ అని హిందీ చెప్తుండె. నాకు దోస్తు. నేనూ ఆమె ఎన్నో ఏండ్ల సంది ఒక్క కాడ కూసొని తిన్నోళ్లం. నా పప్పు ఆమె తింటది, ఆమె బగారా బైంగన్ నేను తింట. వైస్ ప్రిన్సిపాల్ అయినంక మొదటిసారి టిఫిన్ పట్టుకొని స్టాఫ్‌రూంలకు పోయిన. అప్పటిదాక పకపక నవ్వుతున్నోళ్లు గప్‌చిప్ అయిండ్రు. లేచి నిలవడ్డరు బిడ్డ. నేను వస్తె నిలవడ్డరు. రెహానా గూడ నిలవడ్డది. నేను ఏమన్ననో ఎరుకనా? "సిట్ డౌన్" అన్న! దోస్తును పట్టుకొని సిట్ డౌన్ అన్న. గంజి చీర నోట్ల కెల్లి వచ్చింది గా మాట. మరునాటి సంది నా రూములనే, డ్రమ్ముల పక్కకు కూసొని ఒక్కదాన్నే తిన్న.

దానికంటె పెద్ద దెబ్బ ఏందంటె, నా పదో తరగతి నాకు లేకుండ పోయింది. "వైస్ ప్రిన్సిపాల్ క్లాసులకు పోతె ఆఫీసుల ఎవలుంటరు? తల్లిదండ్రులు వస్తె ఎవలు మాట్లాడుతరు?" అన్నడు సార్. వచ్చేటోళ్లు గూడ అట్లనే ఉండిరి. భూములు అమ్మినోళ్లు కొత్త బండ్ల మీద వచ్చి, మా పిలగానికి కంప్యూటర్ ఎప్పుడొస్తది, ఇంగ్లీష్ ఎప్పుడొస్తది అని, దుకాణంల సామాను అడిగినట్టు అడుగుతుండిరి.

నా క్లాసు మహిపాల్ అనే పిలగానికిచ్చిండ్రు. షాబాద్ దిక్కు రైతుల ఇంటి పిల్లగాడు, ఇంజనీరింగ్ చదివి నౌకరికి చూస్తుండె. బక్కగ, పొడుగ్గ, అంగీ జేబుల ఎప్పుడు చాక్‌పీసే. నేను ఏమనుకున్ననంటె, వీనికేం వస్తది, అర్ధ సంవత్సరం పరీక్షలల్ల పిల్లలంత బోల్తా కొడుతరు, అప్పుడు సుగుణ టీచర్ కావాలె అని వాళ్లే వస్తరు అని. సూపర్‌విజన్ అని పేరు పెట్టి కిటికీ కాడ నిలవడుతుంటి. ఎక్కడ తప్పు చేస్తడా అని చూస్తుంటి. ఒక్క తప్పు చెయ్యలే బిడ్డ! నేను రెండు బోర్డుల నిండ చేసే లెక్క, వాడు ఒక బొమ్మ గీసి నాలుగు లైన్లల్ల చేస్తుండె. పిల్లలు నవ్వుతుండిరి, చేతులు లేపుతుండిరి. నా క్లాసుల చేతులు లేపేది బాత్రూంకు పోతనీకె. మార్కులు గూడ మస్తొచ్చినయ్. నాకు గా దినం అన్నం దిగలే.

క్రిస్మస్ సెలవులైనంక మహిపాల్ నా రూముకు వచ్చిండు. ఒక్కడు రాలే, వాళ్లమ్మను తోలుకొచ్చిండు. ఆమె లోపటికొచ్చి కుర్చీల కూసోలే, ఎంత చెప్పినా నిలవడే ఉన్నది. వానికి సాఫ్ట్‌వేర్ కంపెనీల నౌకరి వచ్చింది. సోమవారం చేరాలె. చేరాల్నంటె ఒరిజినల్ సర్టిఫికెట్లు సూపియ్యాలె. గవి మా బడిల ఉన్నయ్. అప్పుడు టీచర్లు నడుమల పోవద్దని సర్టిఫికెట్లు బడిలనే పెట్టుకుంటుండిరి, బీరువా తాళాలేమో నా కాడ.

కరస్పాండెంట్ సార్ ముందే ఫోన్ చేసిండు. "పదో తరగతి పరీక్షలైన దాక ఇయ్యకుండ్రి" అని.

నేను మహిపాల్‌తోని అన్న, "బాబూ, పిల్లలకు పరీక్షలు దగ్గరికొచ్చినయ్. వాళ్ల సంగతి ఏం గావాలె?"

వాడు తల దించుకున్నడు. "తెలుసు టీచర్. అందుకే రెండు దినాల సంది మీ రూము దాక వచ్చి తిరిగి పోతున్న" అన్నడు.

వాళ్లమ్మ అన్నది, "టీచరమ్మా, పిల్లలను ఆగం చేసి పొమ్మని నేను చెప్త లేను. కాని బోరు ఎండింది, చేను ఎండింది. వాళ్ల నాయిన దినాం వీని మొఖం చూసి లేస్తుండు. గిది పోతె మల్ల వస్తదా, నువ్వే చెప్పు. నువ్వు చదువుకున్నదానివి."

ఏం చెప్పాలె? ఇయ్యాల నలుగురు ఏమంటరంటె, సుగుణ టీచర్ పెద్ద మనసు చేసి గా పిలగాని బతుకు నిలవెట్టింది అంటరు. పోయినసారి మన చర్చి సంఘంల ఒకాయన మైకుల గూడ చెప్పిండు. నేను ఏం ఎరుగనట్టు మొఖం పెట్టుకొని ఇన్న. కాని నీకు నిజం చెప్త. గా తల్లిని చూస్తె పేగు కదిలింది, అబద్ధం లేదు. అదే ఘడియల లోపట ఇంకొక సుగుణ ఎగిరి గంతులేస్తున్నది. పదో తరగతి ఖాళీ అయితుందే, పదో తరగతి ఖాళీ అయితుందే అని. ఏ సుగుణ బీరువా తెరిచిందో నాకు ఇప్పటికి ఎరుక లేదు. సర్టిఫికెట్లు తీసి వాని చేతుల పెట్టిన. గా తల్లి నా రెండు చేతులు పట్టుకున్నది.

సార్ వచ్చిండు. చెవులు ఎర్రగున్నయ్.

"ఎవర్నడిగి ఇచ్చిండ్రు టీచర్?"

"ఎవ్వర్ని అడగలే సార్."

"మరి పిల్లలకు లెక్కలు ఎవలు చెప్తరు?"

"నేను చెప్త."

"ఆఫీసుకు వచ్చే తల్లిదండ్రులతోని ఎవలు మాట్లాడుతరు?"

"వాళ్లను గూడ క్లాసుకే పంపుండ్రి సార్."

గా మాట ఎట్ల వచ్చిందో బిడ్డ, నోరు జారింది. సార్ ఏలు సూపిచ్చి, "పదో తరగతిల ఒక్కరు లెక్కల తప్పినా, మీరు ఈ కుర్చీల ఉండరు, బడిల గూడ ఉండరు. మంచిగ యాది పెట్టుకోండి" అన్నడు. సరె సార్ అన్న. కాళ్లు వణుకుతున్నయ్. గంజి చీర కాబట్టి కనవడలే.

మరునాడు చాక్‌పీసు పట్టుకొని రాణి తీరు క్లాసులకు పోయిన. ఎత్తులు, దూరాలు అని ఒక పాఠం ఉంటది కదా, నీళ్ల ట్యాంకు ఎత్తు ఎంత, నీడ ఎంత, గది. నేను నా తీరుగ సూత్రాలన్నీ రాసుకుంట పోతున్న. ఒక పిల్ల లేచి, "టీచర్, సార్ గిట్ల చేయలే" అన్నది. మరి ఎట్ల చేసిండమ్మా అంటె, బొమ్మ గీస్తరు టీచర్ అన్నది. నేను బొమ్మ గీసిన. ట్యాంకు అనుకొని గీసిన, అందరు చెంబు అన్నరు. పిల్లలు మంచోళ్లు, గట్టిగ నవ్వలే. మెల్లగ నవ్విండ్రు, గది ఇంక బాధ.

ఇగ ఏం చేస్త? మహిపాల్ మాదాపూర్‌ల రూము కిరాయికి తీసుకున్నడు. రూము కింద కిరాణం దుకాణం నంబరు ఇచ్చి పోయిండు. సాయంత్రం బడి ఇడువంగనే మొయినాబాద్ చౌరస్తాల రూపాయి ఫోను కాడికి పోతుంటి. నీకు తెల్వదు, పసుపుపచ్చ డబ్బా, రూపాయి బిళ్ల ఏస్తె జర సేపు మాట్లాడొచ్చు, మల్ల ఏయాలె. రూపాయికి అప్పుడు విలువుండె బిడ్డ, మిర్చి బజ్జీ వస్తుండె... ఏం చెప్తున్న? ఆఁ, ఫోను. దుకాణమాయన వాన్ని పిలుస్తడు, వాడు ఆఫీసుల అలసిపోయి వచ్చినా సరె చెప్తడు, నేను రాసుకుంట. నా ఎనుక లైను. గప్పుడు భూముల బేరగాళ్లంత గా ఫోనులనే మాట్లాడుతుండిరి.

ఒకనాడు నేను గట్టిగ అంటున్న, "థీటా ముప్పై అంటివి కదా, మరి అరవై ఎట్లయింది?" అని. బండ్ల చప్పుడు, ఇనవడక ఒర్రుతున్న. ఎనుక కెల్లి ఒకాయన, సఫారీ డ్రెస్సు, మెడల చైను, భుజం మీద తట్టి, "మేడం, గా థీటా ఏ దిక్కున్నది? శంకర్‌పల్లి దిక్కా?" అన్నడు. "అన్నా, అది కోణం" అన్న. "కోణంల ఉంటె ఏం ఫికర్ లేదు, మా పార్టీకి రోడ్డు బిట్టే కావాలని లేదు. ముప్పై ఉన్నది అరవై అయ్యిందంటున్నరు, ఎకరం ధరనా, గుంట ధరనా?" అన్నడు. ఫోనుల మహిపాల్ ఇంటున్నడు, వాని నవ్వుకు రూపాయి మొత్తం అయిపోయింది.

గట్ల నేర్చుకున్న. సాయంత్రం వాని కాడ నేర్చుకొని, మరునాడు క్లాసుల చెప్తుంటి. "సార్ ఇట్లనే చెప్పిండు కదా?" అంటె, "ఆఁ టీచర్, ఇట్లనే" అంటుండిరి. నాకంటె చిన్నపిల్లగాని కాడ నేర్చుకున్న అని చెప్పనీకె మొదట సిగ్గయ్యింది. తర్వాత నేనే చెప్పేసిన, ఎందుకంటె గా బొమ్మలు నా చేతికి వస్తలేవని వాళ్లకు ముందే ఎరుక. ఒక పిల్లను బోర్డు కాడ బొమ్మలు గీసేటందుకు పెట్టుకున్న. నేను లెక్క, అది బొమ్మ.

తల్లిదండ్రులు గూడ నిజంగనే క్లాసుకు రావట్టిరి. సార్ కోపంల పంపిండో, సరె అనుకొని పంపిండో, వచ్చినోళ్లను ఆఖరి బెంచీ మీద కూసోవెడుతుంటి, లెక్క అయినంక మాట్లాడుదామని. ఒకాయన వచ్చిండు, రోడ్డు పక్క భూమి అమ్మినాయన. మా కొడుకును ఎందుకు ఫెయిల్ చేస్తుండ్రని కొట్లాటకు వచ్చిండు. కూసొండ్రి అన్న. బెంచీ చిన్నగున్నది, మోకాళ్లు గదవకు తాకుతున్నయ్. నేను కావాలని ఆయన కొడుకునే బోర్డు కాడికి పిలిచిన. పిలగాడు వణుకుకుంట వచ్చి, నడుమ ఒకసారి ఆగి, మల్ల చేసి, జవాబు తెచ్చిండు. పిల్లలంత చప్పట్లు. ఆయన గూడ కొట్టిండు చప్పట్లు. అయినంక నా కాడికొచ్చి, "నేను ఎందుకొచ్చిన టీచర్?" అన్నడు. నిజంగ మర్సిపోయిండు. నేను యాది చేయలే.

ఒకనాడు మధ్యాహ్నం ఆకలితోని రూముకొచ్చి ఊర్కె కూసున్న. గంజి చీరలు అప్పటికే ఇడిసిపెట్టిన, పొద్దుగాల ఇస్త్రీ చేసే ఓపిక లేదు. నెత్తి నిండ, కొంగు నిండ చాక్‌పీసు పొడి. తలుపు తెరుచుకొని రెహానా వచ్చింది. చేతుల టిఫిన్. నేను లేచి నిలవడ్డ, ఎందుకో మరి. ఆమె నన్ను కింది కెల్లి మీది దాక చూసింది. "సిట్ డౌన్" అన్నది. అని ఒక్కటే నవ్వుడు. నేనూ నవ్విన. నవ్వుకుంట నవ్వుకుంట ఏడ్సిన, ఇంక తియ్యి... గా దినం బగారా బైంగన్ మొత్తం నేనే తిన్న, ఆమెకు ఉంచలే.

పరీక్షలైనయ్. రిజల్ట్స్ దినం నేను బడికి పోలే, భయం. మీ పెద్దనాయిన పేపర్ తెచ్చిండు, నేను కొంగు నోట్ల పెట్టుకొని గోడకు కూసున్న. ఆయన నంబర్లు అన్ని చూసి చూసి, "ఒకడు పోయిండే" అన్నడు. నా పానం అక్కడ్నే పోయింది. బడికి ఉరికిన. చూస్తె గా పిలగాడు తెలుగుల పోయిండు! లెక్కల మంచి మార్కులొచ్చినయ్! నేను ఎంత సంతోషపడ్డ అంటె, తెలుగు సార్ నాతోని వారం దాక మాట్లాడలే. కరస్పాండెంట్ సార్ చెవులు మామూలుగున్నయ్. "వచ్చే ఏడు గూడ పదో తరగతి మీరే తీసుకోండి టీచర్, కుర్చీ గూడ ఉంచుకోండి" అన్నడు. రెండు పనులు, జీతం మాత్రం ఒక్కటే. నాకప్పుడు గది గూడ తట్టలే, సంతోషంల.

మహిపాల్ ఎండాకాలంల స్వీట్ డబ్బ పట్టుకొని వచ్చిండు. కంపెనీ వాళ్లిచ్చిన బిళ్ల మెడల ఏసుకున్నడు, తియ్యనీకె యాది లేదో, సూపియ్యాలనో. నౌకరి ఎట్లున్నది బాబూ అన్న. మంచిగున్నది టీచర్, చల్లగుంటది, నాయినకు కొత్త బోరు ఏపిచ్చిన అన్నడు. మల్ల అన్నడు, "కాని టీచర్, పొద్దంత ఒక్కరు గూడ అర్థం కాలే సార్ అని అడుగరు. అందరికి అన్నీ అర్థమైనట్టే ఉంటరు." గా మాట నాకు శాన దినాలు చెవులల్ల మోగింది బిడ్డ. ఇప్పుడు వాడు పెద్ద మనిషైండు, నాకు ఎప్పుడన్న ఫోన్ చేస్తడు, టీచర్ థీటా ఏ దిక్కున్నది అంటడు.

ఏమంటున్నవ్? నీకేం చెప్పాలె నేను... నీకు ఏసీ రూము ఇస్తరట కదా, మీ అమ్మ చెప్పింది. తీసుకో. వద్దనకు. కాని ఒక క్లాసు అడుగు, ఒక్కటి, చిన్నదైనా సరె. ఇయ్యం అంటె మల్ల అడుగు. పిల్లలు నీ తలుపు కొట్టకుండ తోసుకొని రావాలె, అర్థం కాలే టీచర్ అని అడుగాలె, నీకు గూడ అర్థం కాకపోతె ఇంకొకర్ని అడిగే సిగ్గు లేనితనం దేవుడు నీకియ్యాలె. సల్లగుండు బిడ్డ. మీ అమ్మ నాకంటె తెలివికలది, నువ్వు దాని తీరు... అయ్యో, ఇది ఇంక నడుస్తనే ఉన్నదా? జీతం ముచ్చట తీసెయ్యరాదూ, కరస్పాండెంట్ సార్ కోడలు గీ పక్క గల్లీలనే ఉంటది...